తానా ఫ్రెంచ్ నవలల మీద పాఠకులకు కోపం ఎందుకు: కిరాయి పుస్తకాల షాపు నడిపిన మనిషి జవాబు

పాలమూరు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: “ఐర్లండ్ డిటెక్టివ్ నవలల రచయిత్రి తానా ఫ్రెంచ్ రాసిన ‘ఇన్ ద వుడ్స్’ సగం దాకా వచ్చాను. హత్య మొదట్లోనే జరిగింది, ఆ తర్వాత కథ కదలడం లేదు. పాత రహస్యం చివరికి కూడా విప్పదని స్నేహితుడు చెప్పేశాడు. చదివినవాళ్ళలో కొందరు నెత్తిన పెట్టుకుంటున్నారు, కొందరు మోసపోయామని తిడుతున్నారు. చదవాలా, వదిలేయాలా? చదివితే ఎట్లా చదవాలి?”

తమ్ముడూ, ముందు నేనెవరో చెప్తాను. నా జవాబు అక్కణ్ణుంచే వస్తుంది. 1982 నుంచి 2003 దాకా నల్లగొండ క్లాక్ టవర్‌కు దగ్గర్లో, ఒక సందులో కిరాయి పుస్తకాల షాపు నడిపాను. రోజుకు పావలాతో మొదలుపెట్టి మూసేనాటికి రెండు రూపాయలకు వచ్చాను. పుస్తకం అమ్మే మనిషికి కొన్నవాడు మళ్ళీ కనపడకపోవచ్చు. కిరాయికి ఇచ్చేవాడి దగ్గరికి మాత్రం తీసుకుపోయినవాడు తిరిగి రావలసిందే. పుస్తకం బల్ల మీద పెట్టి ఏదో ఒక మాట అంటాడు. “బాగుంది”, “టైం బొక్క”, “ఆ పిల్లను చంపకుంటె బాగుండు”. ఇరవై ఒక్కేళ్ళు ఆ మాటలే విన్నాను.

మా దగ్గర ఎక్కువ తిరిగినవి డిటెక్టివ్ నవలలు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, మధుబాబు గారి షాడో. వీక్లీల్లో సీరియళ్ళుగా వచ్చి పుస్తకాలైనవి సరేసరి. చేతులు మారీ మారీ కుట్టు వదిలిపోయేవి. కుట్టు వదిలితే ముందు రాలేది మొదటి ఆకులు, ఆఖరి ఆకులు. మొదటివి పోతే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఆఖరివి పోయిన యుగంధర్ నవల ఒకటి అట్లనే ఏడాదికి పైగా తిరిగింది. ఇచ్చేటప్పుడే చెప్పేవాణ్ణి: “లాస్ట్ పేజీలు లేవు, చదివి రా, నేను చెప్త.”

చదివి వచ్చేవాళ్ళు. హంతకుడి పేరు చెప్పేవాణ్ణి. “అట్లనా” అని ఇంకో పుస్తకం తీసుకుని పోయేవాళ్ళు. రాత్రంతా నిద్ర పట్టనీయని ప్రశ్న నా నోట్లోంచి ఒక పేరు రాగానే చల్లారిపోయేది. ఆర్టీసీ డిపోలో పనిచేసే ఒకాయన మాత్రం చెయ్యి అడ్డం పెట్టి “చెప్పకన్నా” అన్నాడు. మూడు వారాలు, వచ్చినప్పుడల్లా ఒక కొత్త హంతకుడితో వచ్చాడు. మొదట వకీలు అన్నాడు. తర్వాత చచ్చినామె చెల్లెలు అన్నాడు. మూడో వారం, ఆ చెల్లెలి ముఖం చూస్తే తన అక్క గుర్తొస్తోందని, తమ ఇంట్లో భూమి పంపకాలప్పుడు జరిగిన సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. అదే పుస్తకం తీసుకుపోయిన ఒక టీచరమ్మ, ఆఖరి పేజీలు లేని సంగతి చెప్పడం నేను మరిచిపోయినందుకు, పుస్తకం బల్ల మీద పడేసి “విస్తరి ముందు కూసోబెట్టి లేపినట్టున్నది” అంది. కిరాయి పైసలు తిరిగిచ్చేశాను. ఆమె అన్నది న్యాయమే.

మీరు చెప్పిన రెండు గుంపులూ వీళ్ళే. తానా ఫ్రెంచ్ ఆ ఆఖరి ఆకుల్ని తెలిసే చింపుతుంది. తెలిసి చింపినా టీచరమ్మ కోపం న్యాయమైనదే అని నా నమ్మకం. తానా ఫ్రెంచ్‌ను అభిమానించేవాళ్ళు కొందరు, తిట్టేవాళ్ళకు చదవడం రాదని తేల్చేస్తుంటారు. అది తప్పు. ఆ కోపం రాకపోతే ఆ పుస్తకం పట్టుకోలేదన్నమాట. నాకూ వచ్చింది.

2012లో మా అమ్మాయి కిండిల్ కొనిచ్చి, అందులో ‘ఇన్ ద వుడ్స్’ వేసి ఇచ్చింది. 2007లో వచ్చిన నవల. తానా ఫ్రెంచ్‌కు అదే మొదటిది, మరుసటి ఏడు దానికి అమెరికా మిస్టరీ రచయితల సంఘం ఇచ్చే ఎడ్గర్ అవార్డు వచ్చింది. 1984 వేసవిలో డబ్లిన్ పక్కన నాక్‌నరీ అనే ఊళ్ళో (ఊరు కల్పితం) పన్నెండేళ్ళ పిల్లలు ముగ్గురు అడవిలోకి ఆటకు పోతారు. ఇద్దరు మళ్ళీ ఎన్నడూ దొరకరు. మూడోవాడు చెట్టును కరుచుకుని నిలబడి దొరుకుతాడు, బూట్లలో నెత్తురు. ఏమైందో ఒక్క ముక్క గుర్తులేదు. ఇరవై ఏళ్ళకు వాడే పేరు మార్చుకుని, బోర్డింగు స్కూల్లో మాట యాస మార్చుకుని, రాబ్ ర్యాన్ అనే హత్యల విభాగం డిటెక్టివ్ అయ్యుంటాడు. అదే ఊళ్ళో కేటీ అనే పన్నెండేళ్ళ పిల్ల శవం దొరుకుతుంది. కేసు వాడి చేతికే వస్తుంది. తానెవరో పైవాళ్ళకు చెబితే కేసులోంచి తీసేస్తారు. చెప్పడు. తెలిసింది పార్ట్‌నర్ క్యాసీ ఒక్కదానికే.

కేటీ కేసు తేలుతుంది, దాన్ని గురించి ఇక్కడ చెప్పను. 1984 నాటి కేసు తేలదు. ఆ రాత్రి కిండిల్ పక్కన పెట్టి రెండు రోజులు ముట్టుకోలేదు. ఇంతసేపు ఆ ఇద్దరు పిల్లల కోసం చదివించి, చివరికి ఉత్త చేతులు చూపిస్తే ఎట్లా అనిపించింది. టీచరమ్మ మాటే నేనూ అన్నాను, మా ఆవిడతో.

దాదాపు రెండేళ్ళ తర్వాత మా మనవళ్ళను సాగర్ తీసుకుపోయాను. లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియం చూశాం. మీకు తెలుసు కదా, 1955లో డ్యామ్‌కు పునాది పడింది. నీళ్ళు నిండితే లోయంతా మునిగిపోతుందని ముందే తెలుసు కాబట్టి 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖవాళ్ళు ఆ లోయలో తవ్వకాలు చేశారు. దొరికినవాటిలో కొన్ని కట్టడాలను కొండ మీదికి, అనుపు అనే చోటుకు తరలించి మళ్ళీ కట్టారు. మిగతా లోయ ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. చిన్నోడు లాంచీ అంచున వంగి “తాతా, ఇంకా అడుగున ఏమున్నయి?” అని అడిగాడు. ఏం చెప్పాలి? తవ్వినంత మేరకు తెలుసు. తవ్వనిది నీళ్ళకు ఇచ్చేశారు.

లాంచీలోనే నాకు ఆ నవల గుర్తొచ్చింది. కేటీ శవం దొరికేది ఎక్కడో చూడండి: పురావస్తు తవ్వకాల చోట, పాతకాలపు రాతి బలిపీఠం మీద. ఆ తవ్వకాలు ఎందుకు తొందర తొందరగా జరుగుతున్నాయంటే మోటార్ వే రోడ్డు రాబోతోంది కాబట్టి. గడువు లోపల తవ్వింది దక్కుతుంది, మిగిలింది తారు కిందికి పోతుంది. ఆ పని చేసేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. రాసినామె స్వయంగా నటి, డబ్లిన్‌లో ట్రినిటీ కాలేజీలో నటన నేర్చుకుంది. నాటకాలు లేని రోజుల్లో ఒక తవ్వకాల చోట పనిచేస్తుంటే పక్కనున్న అడవి చూసి ఈ కథ ఊహ వచ్చింది. అంటే ముగింపు ఆఖరి పేజీల్లో మన మీద పడేసిన రాయి కాదు. నవల ఏ నేల మీద నిలబడిందో ఆ నేలలోనే ఉంది. నేను దాన్ని ‘సీనరీ’ అనుకుని దాటేశాను.

ఇంటికి వచ్చి మళ్ళీ మొదటినుంచి చదివాను. మొదటి అధ్యాయం మొదట్లోనే రాబ్ హెచ్చరిస్తాడు, తనకు సత్యం కావాలి, తాను అబద్ధాలు చెప్తాడు అని. మొదటిసారి దాన్ని డిటెక్టివ్ గొప్పలు చెప్పుకోవడం అనుకున్నాను. రెండోసారి ప్రతి పేజీలో వాడి అబద్ధం కనపడింది. ముఖ్యంగా క్యాసీ విషయంలో. ఆమె వాడికి ఉన్న ఒకే ఒక్క దిక్కు. ఒక రాత్రి తర్వాత వాడు ఆమెతో నడుచుకునే తీరు, దానికి వాడు చెప్పుకునే కారణాలు, ఆ కారణాలను మనం నమ్మేలా చెప్పే నేర్పు. నేను మొదటిసారి వాడి పక్షాన ఉండి చదివాను తమ్ముడూ. క్యాసీదే తప్పేమో అనుకున్నాను కూడా. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అడవిలో ఏం జరిగిందో గుర్తుకు రాకపోవడం, కళ్ళ ముందు తాను చేస్తున్నది తనకు కనపడకపోవడం, ఈ రెండూ ఒకే జబ్బు అని అప్పుడు అర్థమైంది. యుగంధర్ నవలలో కేసు తెలుసుకోవడానికి యుగంధర్ కళ్ళతో చూస్తాం. ఇక్కడ కేసు వంకతో చూస్తున్నవాడి కళ్ళకే పరీక్ష పెట్టాలి. మీకు కథ కదలడం లేదనిపించడానికి కారణం ఇదే. మీరు చూస్తున్నవైపు కదలడం లేదు, అంతే.

అయినా 1984 పిల్లల సంగతి చెప్పి ఉంటే బాగుండేదా? ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. చెప్పొచ్చు, ఇంత గట్టిగా నాతో ఉండేది కాదు. అయితే పుస్తకం మాట ఇచ్చి తప్పిందనేవాళ్ళతో వాదించను. అపరాధ పరిశోధన నవల అని అట్ట మీద ఉంటే పాఠకుడికి కొన్ని హక్కులుంటాయి.

ఆ హక్కుల్ని ఒకాయన రాసిపెట్టాడు కూడా. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు పాదిరి, తానూ డిటెక్టివ్ కథలు రాసేవాడు, ఆ కథలు రాసేవాళ్ళకు పది నియమాలు పెట్టాడు. దయ్యాలు, అతీత శక్తులు ఉండొద్దు. డిటెక్టివే హంతకుడు కావొద్దు. దొరికిన క్లూలు పాఠకుడికి దాచొద్దు. పదో నియమం: కవలల్ని, అచ్చం ఒకేలా ఉండే మనుషుల్ని ముందుగా పాఠకుణ్ణి సిద్ధం చేయకుండా తేవొద్దు. మన సినిమాల్లో ఇది పాటిస్తే డబుల్ యాక్షన్ అనేదే ఉండదు, ఆ మాట అట్లా ఉంచండి.

తానా ఫ్రెంచ్ రెండో నవల ‘ద లైక్‌నెస్’ (2008) మీద వచ్చే ఫిర్యాదంతా ఈ పదో నియమం దగ్గరే. అచ్చం క్యాసీలా ఉన్న అమ్మాయి ఒకటి హత్యకు గురవుతుంది. చచ్చినామె బతికిందని చెప్పి, ఆమె స్థానంలో క్యాసీ ఆ ఇంటికి పోతుంది. ఆ ఇంట్లో ఇంకో నలుగురు యూనివర్సిటీ స్నేహితులు, ఒకరి ఊపిరి ఒకరు పీల్చుకునేంత దగ్గరగా బతుకుతున్నవాళ్ళు. వాళ్ళకు తేడా తెలియదా? ఎంత పోలిక ఉన్నా నడకలో, తిండిలో, నవ్వులో దొరికిపోదా? ఈ ప్రశ్న అడిగే పాఠకుడిది వంద శాతం నిజం. నా సలహా ఏమిటంటే, ఆ ఒక్కటి ఆమెకు ఇచ్చేయండి, అంటే నమ్మినట్టే అనుకోండి. యక్షగానంలో పెద్ద మీసాలున్నాయన చీర కట్టుకుని వచ్చి చంద్రమతి అంటే ఇచ్చేస్తాం కదా, అట్లా. ఇచ్చాక ఆ ఇల్లు మిమ్మల్ని వదలదు. సొంత కుటుంబం లేని మనిషికి, అబద్ధంతోనైనా ఒక కుటుంబం దొరికితే తిరిగి రాబుద్ధి అవుతుందా అనేది ఆ పుస్తకం ప్రశ్న. ఇవ్వలేకపోతే మాత్రం బలవంతంగా చదవొద్దు, ప్రతి పేజీలో అదే గుచ్చుకుంటుంది.

మూడోది ‘ఫెయిత్‌ఫుల్ ప్లేస్’ (2010). మీరు పాలమూరు మనిషి కాబట్టి దీని దగ్గర కాసేపు ఆగుతాను.

1985 డిసెంబరు. డబ్లిన్‌లో కూలీనాలీ జనం ఉండే ఒక వీధి. తాగుబోతు తండ్రి, నోరున్న తల్లి, ఐదుగురు పిల్లలున్న ఇంట్లో ఫ్రాంక్ మ్యాకీ, పంతొమ్మిదేళ్ళవాడు. రోజీ అనే అమ్మాయితో రాత్రికి రాత్రి పడవెక్కి ఇంగ్లాండు పోవాలని మాట. ఊళ్ళో పని లేదు, పోయినవాళ్ళదే బతుకు. ఫ్రాంక్ వీధి చివర తెల్లవారేదాకా నిలబడతాడు. రోజీ రాదు. తనను వదిలి ఒంటరిగా పోయిందనుకుంటాడు. వీధంతా అదే అనుకుంటుంది. ఇరవై రెండేళ్ళ తర్వాత, ఫ్రాంక్ పోలీసు అయ్యాక, పాడుబడ్డ ఇంట్లో, పొయ్యి వెనక, రోజీ సూట్‌కేస్ దొరుకుతుంది.

“పోయింది” అనే మాట ఎంత దాచగలదో దేవరకొండ, అచ్చంపేట, కోస్గి వైపు మనుషులకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఊరు దేవరకొండ దగ్గర. మా పక్కింటాయన కొడుకు, నాకంటె నాలుగేళ్ళు పెద్ద, గుంపు మేస్త్రి వెంట బొంబాయి పనికి పోయాడు. మొదటి దీపావళికి పైసలు పంపాడు. తర్వాత ఏమీ లేదు. మేస్త్రి “వేరే సైటుకు పోయిండు” అన్నాడు. ఊరు “అక్కడే ఎవర్నో చేసుకున్నడు, సుఖపడుతున్నడు” అంది. ఆ మాట అనుకుంటే అందరికీ నిద్ర పట్టేది. వాళ్ళమ్మ మాత్రం రేషన్ కార్డులో వాడి పేరు తీయనివ్వలేదు. కార్డులు మార్చిన ప్రతిసారీ రాసేటాయనతో కొట్లాడేది. ఆమె పోయాక కొత్త కార్డులో పేరు లేదు.

‘ఫెయిత్‌ఫుల్ ప్లేస్’ చదువుతుంటే నాకు సూట్‌కేస్ కంటె ఆ ఇరవై రెండేళ్ళు ఎక్కువ భయపెట్టాయి. పోయింది అనుకోవడంలో ఎంతమందికి ఎంత సౌకర్యం ఉందో ఆ నవల ఒక్కొక్కరి గడప ఎక్కి చూపిస్తుంది. ఇందులో హంతకుడు ఎవరో సగంలోనే మీరు పట్టేస్తారు. చాలామంది పట్టేశారు, అది లోపమని రాశారు. నాకు లోపమనిపించలేదు. ఇంటి మనిషి అని తెలిశాక కూడా ఫ్రాంక్ ఆ ఇంట్లో కూర్చుని టీ తాగాలి. ఆ టీ తాగడం చదవడానికి కడుపులో బలం ఉండాలి.

ఇంక ‘బ్రోకెన్ హార్బర్’ (2012). ఆమె రాసినవాటిలో దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. చీకటి కూడా ఇందులోనే ఎక్కువ, పసిపిల్లల మరణం ఉంది, మనసు బాగాలేని రోజుల్లో ముట్టుకోవద్దు. ఐర్లండ్‌లో 2000 తర్వాత భూముల బూమ్ నడిచింది. బ్యాంకులు అడిగినంత అప్పిచ్చాయి. ఊరికి దూరంగా సముద్రం పక్కన కాలనీలు లేచాయి, బ్రోచర్లలో స్కూలు, దుకాణాలు, పార్కు అన్నీ బొమ్మలేసి అమ్మారు. 2008లో కూలింది. 2010 నవంబరుకు ఆ దేశమే ఐఎంఎఫ్ ముందు, యూరోపియన్ యూనియన్ ముందు చెయ్యి చాచాల్సి వచ్చింది. సగం కట్టి వదిలేసిన ఆ కాలనీలను అక్కడివాళ్ళు దయ్యాల కాలనీలు అన్నారు. అట్లాంటి ఒక కాలనీలో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. భర్త ఉద్యోగం పోయింది. ఇంటి అప్పు తీరదు, అమ్ముదామంటే కొనేవాడు లేడు. ఒక రాత్రి భర్త, పిల్లలు చచ్చిపోతారు, భార్య చావుబతుకుల్లో దొరుకుతుంది. ఇంటి గోడలకు ఎక్కడపడితే అక్కడ కంతలు, ఆ కంతల వైపు తిప్పి పెట్టిన, పసిపిల్లల్ని పక్క గదిలోంచి కనిపెట్టుకునే బేబీ మానిటర్లు.

సాగర్ రోడ్డు మీద పోతుంటే ఎంత దూరం హద్దురాళ్ళు పాతిన వెంచర్లు, ఆర్చీలు, రంగు వెలిసిన బోర్డులు కనపడతాయో మీకు తెలుసు. శ్రీశైలం రోడ్డూ అంతే. పత్తి వేసే చెలక ఒక ఏడాదిలో గజాల లెక్కకు మారుతుంది. మనదగ్గర కథ వేరు, నేను రెండూ ఒకటే అనను. కానీ బ్రోచర్ చేతిలో పెట్టుకుని ఆ బొమ్మనే ఇల్లు అనుకునే మనిషి మనకు కొత్తవాడు కాదు. ఆ కంతల గోడల దగ్గర నాకు హంతకుడు ఎవరన్నది వెనక్కు పోయింది. ఉద్యోగం పోయిన మనిషి రోజంతా ఇంట్లో ఏం చేస్తాడు, ఏం వింటాడు, తన ఇంటిని ఎవరి నుంచి కాపాడుతున్నానని అనుకుంటాడు, దాని వెంట పోయాను.

ఈ కథ చెప్పేది కెనెడీ అనే డిటెక్టివ్. నియమం తప్పకపోతే చెడు మన గడప తొక్కదని నమ్మే మనిషి. ఇక్కడ ఒక సంగతి గమనించండి, ఎక్కువమంది దాన్ని పట్టించుకోరు. డబ్లిన్ హత్యల విభాగం మీద ఆమె రాసిన ఆరు నవలల్లో ఒక దాంట్లో పక్కన కనిపించినవాడు తర్వాత ఇంకో దాంట్లో కథ చెప్తాడు. రాబ్ పార్ట్‌నర్ క్యాసీ రెండోది చెప్తుంది. ఆమెను ఆ ఇంటికి పంపిన ఫ్రాంక్ మూడోది చెప్తాడు. ఫ్రాంక్ కళ్ళకు కెనెడీ పద్ధతుల పిచ్చి ఉన్న విసుగు మనిషి, మనమూ అట్లనే తీసిపారేస్తాం. నాలుగోదానికి వచ్చేసరికి ఆ విసుగు మనిషి లోపల కూర్చుంటాం, ఆ పద్ధతులు ఎందుకో, వాటి కింద ఏ సముద్రం ఉందో తెలుస్తుంది. షాపులో కూర్చున్నన్నాళ్ళు నేను మనుషుల్ని వాళ్ళు తీసుకునే పుస్తకాన్ని బట్టి అంచనా వేసేవాణ్ణి. ఈ నాలుగు నవలలు వరసగా చదివాక ఆ అంచనాల్లో చాలా వెనక్కు తీసుకున్నాను.

మిగతావి తొందరగా చెప్తాను. ‘ద సీక్రెట్ ప్లేస్’ (2014) ఆడపిల్లల బోర్డింగు స్కూల్లో, ఇప్పటి కథ ఒకే రోజులో నడుస్తుంది. పిల్లల స్నేహం గురించి గొప్పగా రాసింది. మధ్యలో కొన్ని వింతలు జరుగుతాయి, నాక్స్ పాదిరి ఒప్పుకోడు, నాకూ అవి అక్కర్లేదనిపించింది. ‘ద ట్రెస్‌పాసర్’ (2016) మీలా కేసు కదలాలని కోరుకునేవాళ్ళకు దగ్గరగా ఉంటుంది, విచారణ గదిలో ప్రశ్నలు అడిగే దృశ్యాలు కత్తుల్లా ఉంటాయి, కేసు పూర్తిగా తేలుతుంది. ‘ద విచ్ ఎల్మ్’ (2018) పోలీసు కథ కాదు. అదృష్టవంతుణ్ణని అనుకునే కుర్రాడొకడు, పెరట్లో చెట్టు తొర్రలో పుర్రె. ఆ పుర్రె దొరికేలోపు చాలా పేజీలు పోతాయి. దీని మీద సాగదీత అని వచ్చిన ఫిర్యాదుతో నేను ఏకీభవిస్తాను. మొదటి భాగంలో బాగా తగ్గించి ఉండొచ్చు. ‘ద సర్చర్’ (2020), ‘ద హంటర్’ (2024) రెండూ పశ్చిమ ఐర్లండ్‌లో ఒక పల్లె కథ, షికాగో పోలీసు ఒకడు రిటైరై అక్కడికి వస్తాడు. ఊరంతటికీ తెలిసి ఎవరూ చెప్పని సంగతి ఎట్లా ఉంటుందో పల్లెలో పుట్టినవాళ్ళకు ఈ రెండూ వేరేగా తగులుతాయి. రచ్చకట్ట మీద కూర్చున్న ముసలాయన వాన గురించి మాట్లాడుతూ బెదిరించడం విన్న మనిషికి వాటిలో సంభాషణలు ఒక్కటీ కొత్తగా ఉండవు.

పొడుగు గురించి కూడా చెప్పాలి. నాలుగు వందలు, ఐదు వందల పేజీలు ఎందుకు అని. షాపులో వంద, నూట యాభై పేజీల నవల రోజుకు తిరిగి రావాలి, లేకపోతే రెండో రోజు కిరాయి. కాబట్టి పాఠకుడు పరుగెత్తేవాడు, రచయితా పరుగెత్తించేవాడు. ఆ పరుగు అలవాటైన కాళ్ళకు ఇది నడక. ఇంకో కారణమూ ఉంది. తానా ఫ్రెంచ్ మనతో అబద్ధమాడే మనిషిని మన స్నేహితుణ్ణి చేయాలి. నూరు పేజీల్లో ఎవడూ స్నేహితుడు కాడు. రాబ్, క్యాసీ రాత్రిపూట వండుకుని తిని, పాటలు పెట్టుకుని, పిచ్చి కబుర్లు చెప్పుకునే పేజీలు మీరిప్పుడు విసుక్కుంటున్నవే అయ్యుంటాయి. అవి తీసేస్తే తర్వాత జరిగేదానికి మీకు నొప్పి పుట్టదు. ఒక్క మనిషీ మంచివాడు లేడు అనే ఫిర్యాదు కూడా విన్నాను. దానికి నా దగ్గర జవాబు లేదు. కొందరికి పుస్తకంలో చెయ్యి పట్టుకోవడానికి ఒక మంచి మనిషి కావాలి, అట్లా కావాలనుకోవడం తప్పేం కాదు. వాళ్ళకు ‘ద సర్చర్’ ఇస్తాను.

ఇంగ్లీషు సంగతి. డబ్లిన్ వీధి మాటలు, తిట్లు చాలా ఉంటాయి. ప్రతి మాటకూ డిక్షనరీ తెరిస్తే చచ్చిపోతారు. మన యాసలో “గట్లనే ఉంటది తీ” అన్నప్పుడు ‘తీ’కి అర్థం చెప్పమంటే ఎవరం చెప్తాం? మాట ఎటు వంగుతుందో పట్టుకుని పోండి. రోజుకు పది పేజీలు చొప్పున మాత్రం చదవకండి. ఆదివారం పొద్దున కూర్చుని ఒక్క దెబ్బకు ఎనభై, వంద చదివితేనే అబద్ధాలు ఒకదాని పక్కన ఒకటి కనపడతాయి. నేను ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. ఎడమవైపు కేసు సంగతులు, కుడివైపు కథ చెప్పేవాడు ఎప్పుడు మాట మార్చాడో, ఏది అడక్కుండానే సంజాయిషీ చెప్పుకున్నాడో. ‘ఇన్ ద వుడ్స్’ అయ్యేసరికి ఎడమవైపు పదకొండు పేజీలు, కుడివైపు ముప్ఫై దాటాయి.

ఇప్పుడు మీ ప్రశ్నకు నేరుగా. సగంలో ఉన్నారు, పాత కేసు తేలదని తెలిసిపోయింది. ఆ తెలిసినందుకు బాధపడకండి, మీకు మంచే జరిగింది. నేను ఆశపడి పడి చివర్లో పడ్డాను, మీరు ఆ గుంత ఎక్కడుందో తెలిసి నడుస్తున్నారు. ఇంకో యాభై పేజీలు, ఈసారి కేటీ కేసును పక్కన పెట్టి రాబ్ క్యాసీతో ఏం మాట్లాడుతున్నాడో మాత్రమే చూస్తూ చదవండి. అప్పటికీ మీలో ఏమీ కదలకపోతే మూసేయండి. కిరాయి పుస్తకం కాదు కదా, రెండో రోజు పైసలు పడవు. మూసేసినా తానా ఫ్రెంచ్‌ను వదిలేయకండి, ‘ఫెయిత్‌ఫుల్ ప్లేస్’ తెరవండి. ముందటి రెండూ చదవకపోయినా దానికి అడ్డం లేదు. అది పట్టుకుంటే వెంటనే ‘బ్రోకెన్ హార్బర్’, ఆ తర్వాత వెనక్కి వచ్చి ‘ఇన్ ద వుడ్స్’ మొదటినుంచి, దాని వెంట ‘ద లైక్‌నెస్’.

ఒకవేళ ఇప్పుడే చదివి పూర్తిచేస్తే, చివరి పేజీ అయిన రోజే పుస్తకం పక్కన పెట్టకండి. కోపంగా ఉంటారు, ఉండనివ్వండి. రాబ్ హెచ్చరిక ఉన్న ఆ మొదటి పేజీలు మాత్రం అదే కోపంతో మళ్ళీ ఒకసారి చదివి, ఏమనిపించిందో ఇక్కడ రాయండి. చదవడానికి ఎదురుచూస్తుంటాను.